మాట్లాడని జట్టు

ప్రవళిక మీద మూడేళ్ల నిషేధం ఆ సాయంత్రం ఐదు గంటలకు పడబోతోంది. సుస్మిత సిరిసిల్లలో స్కూటీ దిగేసరికి ఉదయం తొమ్మిదీ పది. చేతిలో ఉన్నది ఏడు గంటల యాభై నిమిషాలు. అందులో కోరుట్ల ప్రయాణానికి గంటన్నర పోతుంది.

కేసు ఆమె నోటుబుక్కులో ఒక పేజీకి మించలేదు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు కోరుట్లలోని ఒక ఫంక్షన్ హాల్లో నాలుగు జిల్లాల మొబైల్ గేమ్ పోటీల ఫైనల్ మొదలైంది. ఒకవైపు సిరిసిల్ల జట్టు, ఇంకోవైపు జగిత్యాల జట్టు. జట్టుకు నలుగురు. ఆటలో ఒక కోట ఉంటుంది, దానికి రెండు గేట్లు. దాడి చేసే నలుగురు ఎడమ గేటుకు పోతారో కుడి గేటుకు పోతారో కాచేవాళ్లకు తెలియకూడదు. ప్రతి రౌండుకు ముందు పది సెకన్ల వ్యవధి ఇస్తారు. ఆ పది సెకన్లలో కెప్టెన్ గేటు ఏదో తన వాళ్లకు చెబుతాడు.

సిరిసిల్ల పన్నెండు రౌండ్లు దాడి చేసింది. పది రౌండ్లలో జగిత్యాల నలుగురూ సరైన గేటు దగ్గరే కాచి ఉన్నారు.

సిరిసిల్ల ఓడింది. ఆట ముగిసిన ఇరవై నిమిషాలకు ఆ జట్టు కెప్టెన్ హరిప్రసాద్ ఫిర్యాదు రాసి ఇచ్చాడు. తన జట్టులోని ప్రవళికే గేట్ల సంగతి జగిత్యాలకు చేరవేసిందని అందులో ఉంది. ఆ ఉదయం జగిత్యాల నుంచి ఆమెకు వచ్చిన ఫోన్ ఒక్కటే సాక్ష్యం. ఫిర్యాదు రుజువైతే ప్రవళిక పోతుంది, జగిత్యాల జట్టు పోతుంది. సిరిసిల్ల జట్టు ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకుని హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీలు ఆడుతుంది.

సుస్మిత పదకొండేళ్లు ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిముల విచారణ చేసింది. సొంతూరు ధర్మపురి. రెండేళ్ల కింద ఉద్యోగం మానేసి జగిత్యాలలో ఆఫీసు పెట్టుకుంది. ప్రవళిక తండ్రి దేవయ్య రాత్రి ఫోన్ చేశాడు. "మా బిడ్డ గసొంటిది గాదు మేడం" అన్నాడు.

దేవయ్య పనిచేసే మరమగ్గాల కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. అందులో ఎనిమిది అతనివి, అంటే అతను నడిపేవి. సొంతదారు వేరే. గోడ బయట రేకుల కింద అతని భార్య సాయవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. సాంచాలో ఆడే నూలు ఆ కండెల నుంచే వస్తుంది. పక్కనే ప్రవళిక నిలబడి ఉంది. వయసు పంతొమ్మిది. డిగ్రీ రెండో సంవత్సరం.

"ఆదివారం పొద్దుగాల పది నలభైకి నీకో ఫోన్ వచ్చింది. యాభై రెండు సెకన్లు. ఎవరది?" అడిగింది సుస్మిత. సాంచాల చప్పుడు మీద అరవాల్సి వచ్చింది.

"శ్రావణ్. మా మేనత్త కొడుకు."

"జగిత్యాల జట్టుల ఆడుతడు గదా."

"ఆడుతడు."

"ఫైనల్‌కు గంటా ఇరవై నిమిషాల ముందు వాడు నీతోటి ఏం మాట్లాడిండు?"

ప్రవళిక తల్లి వైపు చూసింది.

"చెప్పు బిడ్డా" అంది సాయవ్వ. "నువ్వు చెప్పకుంటె ఆ బల్లెనుక కూసున్నోళ్లు ఆళ్లకు తోచింది రాసుకుంటరు."

"చెప్తె శ్రావణ్ పోతడే అవ్వా."

"చెప్పకపోతే నువ్వు పోతున్నవ్" అంది సుస్మిత.

"కడుపుల నొస్తున్నదని చెప్పి ఇయ్యాల ఆడకు అక్కా, అన్నడు. ఎందుకురా అంటె పెట్టేసిండు. బెదిరిస్తుండు తీ అనుకున్న. ఫైనల్ అంటె ఎవలన్న గట్లనే అంటరు గదా మేడం."

సుస్మిత రాసుకుంది. సిరిసిల్ల జట్టు ఓడిపోతుందని అవతలి వాళ్లకు ఉదయం పది నలభైకే తెలుసు. కాబట్టి ఆట మధ్యలో పుట్టిన మోసం కాదు. ముందే మాట్లాడుకుని పెట్టుకున్నది.

"హరిప్రసాద్ నీ పేరే ఎందుకు రాసిండు? ఏమన్న పంచాయితీ ఉన్నదా?"

"పదిహేను దినాల సంది మాట్లాడుతలేడు. ఎందుకో నాకెరుకే. అది జట్టు లోపలి ముచ్చట మేడం, బయట వెట్ట."

"బయట పెట్టదట!" సాయవ్వ రాట్నం ఆపింది. "ఆ ముగ్గురు ఒక్క తీరోళ్లు మేడం. సాంచలున్నోళ్ల పిల్లలు. మేం బోయినపల్లి నుంచి కూలికచ్చినోళ్లం. ఇంట్ల గిన్నె పోయిందంటె ముందుగాల ఎవల సంచి చూస్తరో ఎరుకలేదా? గీ పొల్లకే ఎరుకలేదు."

కార్ఖానా గుమ్మంలోంచి దేవయ్య కనిపిస్తున్నాడు. ముప్పై అడుగుల దూరం ఉంటుంది. ఇటు తిరిగి ఒక చెయ్యి పైకెత్తాడు. నాలుగు వేళ్లు చూపించి బొటనవేలు కిందికి తిప్పాడు. సాయవ్వ మాట్లాడకుండా లేచి కండెల బుట్ట ఎత్తుకుని లోపలికి పోయింది.

"ఆయన ఏమన్నడు?" అంది సుస్మిత.

"నాలుగో సాంచ మీద కండెలు అయిపోతున్నయి, తెమ్మన్నడు."

"నోరు తెరవనే లేదు."

ప్రవళిక మొదటిసారి నవ్వింది. "ఇండ్ల నోరు తెరిస్తె ఎవలింటరు మేడం? మేం ఆడుడు సుత గిట్లనే."

"అంటే?"

"మా ప్రాక్టీసు రూము గీ గోడ అవతలనే. ఇరవై నాలుగు సాంచలు నడుస్తుంటె మైకు పెట్టినా, చెవుల ఏది పెట్టినా ఏం ఇనవడది. గందుకే శ్రీశైలం సార్ సాంచ గుర్తులే నేర్పిండు. రెండు వేళ్లు కత్తెర లెక్క పెడితె పోగు తెగినట్టు. మాకు అది ఎడమ గేటు. పిడికిలి పడితె సాంచ ఆపుమన్నట్టు. మాకు అది కుడి గేటు. పది సెకన్లల్ల హరిప్రసాద్ చెయ్యి లేపి చూపిస్తడు, మేం పోతం. ఒక్క మాట మాట్లాడం."

"ఏ గుర్తుకు ఏ గేటో ఎంతమందికి తెలుసు?"

"మా నలుగురికి. మా కోచ్ శ్రీశైలం సార్‌కు."

"విచారణ చేసే హరీశ్‌కు ఇది చెప్పినవా?"

"అడగలే. ఫోనే అడిగిండు."

సుస్మిత పేజీ చివర 'ఐదుగురు' అని రాసి కింద గీత గీసింది. పదీ ఇరవైకి స్కూటీ ఎక్కింది.

కోరుట్ల హాల్లోకి అడుగుపెట్టేసరికి పదకొండూ యాభై రెండు. స్టేజీ మీద రెండు టేబుళ్లు ఆదివారం ఉన్నట్టే ఉన్నాయి. రెంటి మధ్య పన్నెండు అడుగులు. ప్రతి టేబుల్ ముందూ రెండడుగుల ఎత్తు అట్ట నిలబెట్టారు. కింద కుర్చీల్లోంచి చూస్తే ఆటగాళ్ల ముఖాలు కనిపిస్తాయి, చేతులు కనిపించవు. సుస్మిత జగిత్యాల వాళ్ల కుర్చీల్లో ఒక్కొక్కదాంట్లో కూర్చుని చూసింది. అక్కణ్నుంచీ సిరిసిల్ల టేబుల్ మీద చేతులు కనిపించలేదు.

చేతుల్ని చూసేది ఒకే ఒక్కటి. సిరిసిల్ల టేబుల్ పైన కప్పుకు బిగించిన కెమెరా.

యూట్యూబ్ ప్రసారం ఐదు నిమిషాలు ఆలస్యంగా పోతుందని నిర్వాహకుల కాగితంలో ఉంది. రౌండు రెండు నిమిషాల్లో అయిపోతుంది. కాబట్టి ఇంట్లో కూర్చుని చూసినవాడు చెప్పి లాభం లేదు. కెమెరా బొమ్మ అప్పటికప్పుడు కనిపించేది స్టేజీ వెనక గదిలోనే. పెళ్లిళ్లప్పుడు అది పెళ్లికూతురి గది. ఆదివారం అందులో కంప్యూటర్లు పెట్టారు.

గదిలో రాములవ్వ నేల తుడుస్తోంది. హాలు కట్టినప్పటి నుంచి ఆమె అక్కడే పనిచేస్తోంది.

"ఆదివారం ఈ గదిల ఎవరెవరు కూసున్నరు అవ్వా?"

"కెమెరా పిలగాడు. చెవులకు డొప్పలు పెట్టుకొని అద్దాలు చూసుకుంట కూసున్నడు, పిడుగు పడ్డా ఇనడు. ఇంకొకాయిన గీ కుర్చీల. కాళ్లు గుంజుతున్నయి, కింద కూసోలేనన్నడు. సిరిసిల్లాయిన. చాయ ఇస్తె తాగనేలే."

కుర్చీ పెళ్లికూతురి అద్దం ముందు ఉంది. కుడి చేతి పక్కన, మూరెడు దూరంలో స్విచ్ బోర్డు.

"ఈ స్విచ్చులు దేనియి?"

"స్టేజివి. లైట్లు, పంకలు." రాములవ్వ గుడ్డ పిండింది. "ఆ పంకతోటి నాకు మాటచ్చింది బిడ్డా. ఒక్క దిక్కుదే ఆగుడు, తిరుగుడు, ఆగుడు, తిరుగుడు. కరెంటు పోయిందా అంటె లైట్లు ఎలుగుతున్నయి. మేనేజరు నా మీద ఒర్రిండు. నేనేం జేసిన, పంక తుడుసుడు సుత నా పని గాదు."

"ఏ దిక్కు పంక?"

"జగిత్యాల పిలగాండ్ల నెత్తి మీదిది."

అప్పటికి తలుపు దగ్గర హరీశ్ వచ్చి నిలబడి ఉన్నాడు. పోటీల నిర్వాహకులు హైదరాబాద్ నుంచి పంపిన విచారణాధికారి. మెడలో కార్డు, చేతిలో లాప్‌టాప్.

"మేడం, లోపలికి రానిచ్చింది ఎవరు?"

"తలుపు తెరిచే ఉన్నది సార్."

"ఇది డిజిటల్ కేసు. మీరు లారీ ఆక్సిడెంట్లు, చావు క్లెయిములు చూసినోళ్లు. స్విచ్ బోర్డులు చూసి ఏం పట్టుకుంటరు?"

"చావు క్లెయిముల్ల చచ్చినోడు మాట్లాడడు సార్. చుట్టుపక్కల చూసుడే పని. మీరేం పట్టుకున్నరు?"

అతను లాప్‌టాప్ తెరిచాడు. "సిరిసిల్ల వాయిస్ రికార్డింగ్. నలభై ఒక్క నిమిషాలు. ఇనండి."

ఏమీ వినిపించలేదు.

"చూసిండ్రా? ఫైనల్ ఆడుకుంట నలుగురు ఒక్క మాట మాట్లాడలే. ఎందుకు? వేరే దారి ఉన్నది కాబట్టి. ఆ దారి ఫోను. ఆ ఫోనుకు జగిత్యాల నుంచి కాల్ వచ్చింది. ఆ పిల్ల కాల్‌ల ఏం మాట్లాడిందో చెప్తలేదు. ఇంకేం కావాలె?"

"ఆట మొదలైనంక నలుగురి సొంత ఫోన్లు మీ డబ్బాల్నే పెట్టిండ్రు గదా?"

హరీశ్ మెడలో కార్డు సరిచేసుకున్నాడు.

"పోటీలకు మీరిచ్చిన ఫోన్ల నుంచి మెసేజ్ పోయిందా?"

"ఇంకా దొరకలే."

"దొరకది. మాట్లాడకపోవుడు వాళ్ల తప్పు గాదు సార్, వాళ్ల అలవాటు. మీరెప్పుడన్న సాంచ కార్ఖానల నిలబడ్డరా?"

"నాకు అవసరం లేదు."

"ఒక్క ఐదు నిమిషాలు నిలబడి ఉంటే ఈ నలభై ఒక్క నిమిషాల రికార్డింగ్ మీకు అర్థమవుతుండె."

ఆమె గుర్తుల సంగతి చెప్పింది. హరీశ్ మధ్యలో రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. ఫ్యాన్ దగ్గరికి వచ్చేసరికి వాచీ చూడటం మానేశాడు.

"ఐదింటిదాక టైమిస్త" అన్నాడు. "రుజువు లేకుంటే ఐదూ ఒకటికి సంతకం చేస్త. మీ ఫ్యాన్ కథ రాతల రాయను."

"కెమెరా రికార్డు కావాలె. సిరిసిల్ల జట్టు ఫైలు కూడ."

"ఫైలు ఎందుకు?"

"మీరియ్యకపోతే ఎందుకు ఇయ్యలేదో అది కూడ రాసుకుంట."

ఫైలు ఇచ్చాడు. పలచగా ఉంది. అందులో మూడో కాగితం కోచ్ మార్పు కోసం పెట్టుకున్న దరఖాస్తు. రాష్ట్ర పోటీలకు సర్టిఫికెట్ ఉన్న కోచ్ కావాలి కాబట్టి శ్రీశైలం స్థానంలో హైదరాబాద్ కోచ్‌ను ఒప్పుకుంటున్నామని రాసి ఉంది. తేదీ పదహారు రోజుల కిందటిది. సుస్మిత సంతకాలు చూసింది. ఫొటో తీసుకుంది. రెండూ పదిహేనుకు ప్రవళికకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగింది. ఈసారి ప్రవళిక జవాబు చెప్పింది.

తర్వాత గంటన్నర రికార్డు చూసింది. ఫ్యాన్ ఏ కెమెరాలోనూ లేదు. కానీ జగిత్యాల టేబుల్ వెనక కట్టిన ఫ్లెక్సీ ఉంది. దాని కింది మూల తాడు ఊడిపోయి ఉంది. ఫ్యాన్ తిరిగితే ఆ మూల కొట్టుకుంటుంది. ఆగితే గోడకు ఆని ఉంటుంది. ఒక తెరపై సిరిసిల్ల కెప్టెన్ చెయ్యి, ఇంకో తెరపై ఆ ఫ్లెక్సీ మూల పెట్టుకుని పన్నెండు రౌండ్లకు పన్నెండు వరుసలు రాసింది.

మొదటి పది రౌండ్లలో హరిప్రసాద్ ఆరుసార్లు కత్తెర చూపించాడు, నాలుగుసార్లు పిడికిలి పట్టాడు. కత్తెర చూపిన ఆరుసార్లూ మూడు నాలుగు సెకన్లకు ఫ్లెక్సీ కదిలింది. పిడికిలి పట్టిన నాలుగుసార్లూ కదల్లేదు.

మూడూ యాభై ఐదుకు ఆమె శ్రీశైలాన్ని గదిలోకి పిలిచింది. ఐదు గంటల విచారణ కోసం అందరూ అప్పటికే హాలుకు వచ్చి ఉన్నారు. శ్రీశైలానికి నలభై ఆరేళ్లు. ఒకప్పుడు నాలుగు సాంచాలు ఉండేవి. అవి అమ్మి ఫోన్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు.

"కూసోండి అన్నా. ఆదివారం కూసున్న కుర్చీలనే."

అతను నిలబడే ఉన్నాడు. "కాళ్లు గుంజితె కూసున్న. అది సుత తప్పేనా?"

"స్విచ్ మీద చెయ్యి ఎందుకు వెయ్యాల్సి వచ్చింది?"

"ఉక్కపోస్తుండె."

"ఉక్క మీకు పోస్తె ఈ గదిల ఏసీ ఉన్నది. మీరు ఏసింది జగిత్యాల పిల్లల నెత్తి మీది పంక. పదిసార్లల్ల ఆరుసార్లు ఏసిండ్రు, నాలుగుసార్లు బంద్ పెట్టిండ్రు. ఎప్పుడెప్పుడో నా దగ్గర సెకన్లతో సహా ఉన్నది."

నోటుబుక్కు అతని ముందు పెట్టింది. శ్రీశైలం మొదటి వరుస చదివాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవలు చెప్పిండ్రు? జగిత్యాల ప్రేమ్‌సాగరా?"

"ప్రేమ్‌సాగర్ ఎవరు?"

"ఆళ్ల కెప్టెన్." చెప్పాక తాను ఏం చెప్పాడో అతనికి అర్థమైంది. "శనివారం పొద్దుగాల నేనే పోయి చెప్పిన. పంక తిరిగితె ఎడమ, ఆగితె కుడి అని. ఆడు మొదలు నమ్మలే. మీ పిల్లలను మీరే ఓడగొట్టుకుంటరా అన్నడు."

"ఎందుకు ఓడగొట్టుకున్నరు?"

"నా పిల్లలని ఎవలన్నరు?" గొంతు పెరిగింది. "మూడేండ్లు మేడం. షాపు ఆరింటికే బంద్ పెట్టి ఆళ్ల కాడ కూసున్న. ఆళ్లకు ఫోన్ పట్టుకునుడు నేర్పిన. చెవులు పనిచెయ్యని రూముల చేతులతోటి మాట్లాడుడు నేర్పిన. పది దినాల కింద హరిప్రసాద్ బ్యాగుల కాగితం చూసిన. నేను అద్దట. సర్టిఫికెట్ ఉన్నోడు కావాల్నట. అద్దు అంటె నేనే పక్కకు జరుగుతుంటి. నా ముంగట నిలవడి ఒక్కడు చెప్పలే. నలుగురికి నలుగురు నవ్వుకుంట నా చేతి చాయ తాగిండ్రు."

"నలుగురి సంతకాలు చూసిండ్రా?"

"చూసిన."

"నాలుగు లెక్కవెట్టిండ్రా?"

"లెక్కవెట్టుడేంది? మీదికెళ్లి హరిప్రసాద్‌ది ఉన్నది, దాని కింద ఇంకోటి ఉన్నది. మా నాయిన గుడ్డ తాను కొనేటప్పుడు మొదలు చూసి పక్కకు వెడుతుండె. మొదలు ఎట్లుంటె చివర గట్లనే ఉంటది, ఒకటే సాంచ, ఒకటే చెయ్యి."

సుస్మిత ఫోన్లో ఆ కాగితం ఫొటో తెరిచి పెద్దది చేసి అతని చేతికిచ్చింది. మూడు సంతకాల కింద 'ఎం. ప్రవళిక' అని టైపు చేసి ఉంది. దాని పక్క గడి ఖాళీగా ఉంది.

శ్రీశైలం వేలితో తెర మీదికి జరిపాడు, కిందికి జరిపాడు. మళ్లీ మీదికి జరిపాడు.

"పెట్టలేదా?"

"సార్‌కు చెప్పినంక పెడ్త, చెప్పకుండ పెట్టనన్నదట. అప్పటిసంది హరిప్రసాద్ ఆమెతోటి మాట్లాడుతలేడు. విచారణల కూడ ఈ కాగితం ముచ్చట తియ్యలే. మీ చెవిల పడితె మీకు బాధయితదని."

అతను ఫోన్ అద్దం ముందు బోర్లా పెట్టాడు. "ఆమె పేరు రాసిండ్రని నిన్ననే ఎరుకైంది నాకు. రెండు మూడు దినాలైతె వదిలేస్తరనుకున్న."

"మూడేండ్లు అన్నా. మూడు దినాలు గాదు."

"చెప్త. అందరి ముంగట చెప్త."

"ఇంకొకటి చెప్పాలె. పదకొండు, పన్నెండు రౌండ్లల్ల జగిత్యాల వాళ్లు తప్పు గేటు కాడ నిలబడ్డరు. పంక రెండుసార్లు ఆగే ఉన్నది. మీరు మనసు మార్చుకున్నరా?"

"లే. కనవడలే. హరిప్రసాద్ చెయ్యి బల్ల మీదికి తేలే. కింద పెట్టి చూపెట్టిండు. పదో రౌండు అయినంక ఒక్కసారి తల మీదికెత్తి కెమెరా దిక్కు చూసిండు. గీ తెర మీద నా కండ్లల్లకే చూసినట్టయింది."

సుస్మిత రికార్డు వెనక్కి తిప్పింది. పదో రౌండు తర్వాత రెండో సెకనులో హరిప్రసాద్ తల తిప్పి జగిత్యాల వైపు ఫ్లెక్సీని చూశాడు. నాలుగో సెకనులో పైకి చూశాడు. ఆ తర్వాత రెండు రౌండ్లలో అతని చెయ్యి కెమెరాకు కనిపించలేదు.

గుర్తులు తెలిసిన ఐదుగురిలో కెమెరా గదిలో ఉన్నది శ్రీశైలం ఒక్కడే. అంటే ఆట ముగియకముందే హరిప్రసాద్‌కు సంగతి తెలుసు. ఇరవై నిమిషాల తర్వాత కూర్చుని వేరే పేరు రాశాడు.

ఎందుకు రాశాడో నిబంధనల పుస్తకంలో దొరికింది. పద్నాలుగో నిబంధన రెండు వాక్యాలు. ఆటగాడు మోసం చేస్తే ఆ ఆటగాడికి మూడేళ్ల నిషేధం. కోచ్ మోసం చేస్తే కోచ్‌కు జీవితకాలం, జట్టు మొత్తానికి రెండేళ్లు.

నాలుగూ నలభై. ప్రవళిక హాలు చివరి వరసలో సాయవ్వ పక్కన కూర్చుని ఉంది. సుస్మిత ఆమెను గోడ దగ్గరికి తీసుకుపోయింది. శ్రీశైలం ఏం చేశాడో, ఎందుకు చేశాడో చెప్పింది. హరిప్రసాద్ సంగతి చెప్పలేదు. నిబంధన చదివి వినిపించింది.

"నిజం చెప్తే నీ పేరు మీది మచ్చ పోతది. కానీ మీ నలుగురికి రెండేండ్లు ఆట లేదు. నీక్కూడ. చెప్పమంటవా?"

ప్రవళిక స్టేజీ వైపు తిరిగింది. "సారా?" అంది. "పంక సారా ఏసింది?"

"ఔను."

"నేను పెట్టలే గదా సంతకం."

"అప్పుడు ఆయనకు తెల్వది."

ఆమె చున్నీతో ముఖం తుడుచుకుంది. "మూడేండ్లు కూసోవచ్చు మేడం, రెండేండ్లు కూసోవచ్చు. గాని దొంగ పొల్ల నాయిన అంటె మా నాయిన ఆ కార్ఖానల ఎట్ల నిలవడుతడు? చెప్పుండ్రి."

ఐదు గంటలకు హరీశ్ స్టేజీ మీద కూర్చున్నాడు. కుడివైపు సిరిసిల్ల నలుగురు, ఎడమవైపు జగిత్యాల నలుగురు. శ్రీశైలం నిలబడి చెప్పాడు. ఆరు నిమిషాలు పట్టింది. ప్రేమ్‌సాగర్ ఒకసారి కాదన్నాడు. పక్కనున్న శ్రావణ్ లేచి, "అన్నా, ఇగ చాలు. నేనే ఇన్న శనివారం" అన్నాడు.

హరీశ్ సుస్మిత నోటుబుక్కు తీసుకుని పన్నెండు వరుసలూ రికార్డుతో సరిచూశాడు. "మేడం, ఫ్యాన్ సంగతి రాతల రాస్త" అన్నాడు.

"పదకొండో రౌండు కూడ చూడండి సార్" అంది సుస్మిత.

తెర మీద హరిప్రసాద్ పైకి చూశాడు. తర్వాత అతని చెయ్యి టేబుల్ కిందికి పోయింది.

"నీకు తెలుసా?" అని అడిగాడు హరీశ్.

"లేదు సార్. అట్లనే చెయ్యి కిందికి..."

"హరీ" అంది ప్రవళిక.

హరిప్రసాద్ ఆమె వైపు చూడలేదు. "కోచ్ పేరు చెప్తె నలుగురం పోతుంటిమి" అన్నాడు. "ముగ్గురమన్న ఆడుతం అనుకున్న."

"గందుకు నా పేరు."

"నీకు జగిత్యాల నుంచి ఫోనచ్చింది. నమ్ముతరనుకున్న."

"నన్ను అడిగితె నేనే తప్పుకుంటుంటి గదరా. జట్టు కోసం అంటె కాదందునా? అడగకుండ దొంగను చేసినవ్."

"నిన్నెట్ల అడుగుడు?" అతను ఇప్పుడు చూశాడు. "ఏదడిగినా సార్‌కు చెప్పినంకనే అంటవు."

శ్రీశైలం స్టేజీ మెట్ల మీద కూర్చున్నాడు. సాయవ్వ చివరి వరస నుంచి లేచి నడుచుకుంటూ వచ్చి స్టేజీ కింద ఆగింది.

ప్రవళిక మిగతా ఇద్దరి వైపు తిరిగింది. మూడేళ్లుగా ఆమెకు ఒకరు కుడి పక్కన, ఒకరు ఎడమ పక్కన కూర్చుని ఆడినవాళ్లు.

"మీకు సుత ఎరుకేనా?"

ఇద్దరిలో ఒక్కరూ తల ఎత్తలేదు.

హరీశ్ రెండేళ్ల నిషేధం కాగితం మీద సిరిసిల్ల నలుగురి పేర్లు రాశాడు. పక్కన టైం వేశాడు. ఐదూ ఇరవై ఆరు.